బండి మేత

సిరిసిల్లలో చంద్రమౌళికి సాంచల షెడ్డు, అంటే మరమగ్గాల షెడ్డు, ఉండేది. మగ్గాలు రాత్రీ పగలూ ఆడిన మంచి రోజుల్లో ఆయన ఒక తెల్లటి డీజిల్ కారు కొని, సుదర్శన్‌ను డ్రైవరుగా పెట్టుకున్నాడు. సుదర్శన్‌ది ఎల్లారెడ్డిపేట. తండ్రి మొండయ్య వయసులో ఉన్నన్నాళ్లూ పటేలు ఇంట్లో జీతముండి, ఆయన ఎడ్లబండి తోలినవాడు. కొడుక్కి స్టీరింగు పట్టుకునే కొలువు దొరికిందని ఆదివారం చర్చిలో మొండయ్య సాక్ష్యం చెప్పుకున్నాడు కూడా.

రెండు వేల పదకొండు ఎండాకాలంలో ఒకరోజు చంద్రమౌళి కారు దిగి, ఇంట్లోకి పోకుండా బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"సుదర్శన్, ఇగ ఈ బండి నాతోని గాదు."

సుదర్శన్‌కు అర్థం కాలేదు. "బండి మంచిగనే ఉన్నది గద సేటు. మొన్ననే ఆయిలు మార్పిచ్చిన."

"బండి మంచిగనే ఉన్నది. నేనే మంచిగ లేను. షెడ్డుల సగం సాంచలు ఆగినయి. డీజిల్ సూస్తే గట్ల వెరుగుతున్నది. ఇన్సూరెన్సు, టైర్లు, నీ జీతం... ఎక్కి తిరిగే పని లేకున్నా దాని ఖర్సు ఆగుతలేదు." బానెట్ మీది చెయ్యి తీసి అన్నాడు: "నువ్వు తీస్కుంటవా? ఒక్కసారే ఇయ్యాల్నని లేదు. కిరాయిలకు నడుపుకో. నెలనెలా ఇంత ఇయ్యి."

ఉద్యోగం పోయిందని బాధపడాల్సిన మనిషికి కారే చేతికొచ్చింది. సుదర్శన్ సరేనన్నాడు. ఆలోచించుకుని చెప్తానని అనలేదు.

ఎల్లారెడ్డిపేటలో వాకిట్లో కారు ఆగితే వాడంతా వచ్చి చూసింది. పాస్టరు వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. తల్లి దేవవ్వ కొంగుతో అద్దం తుడిచింది. మొండయ్య మాత్రం కారు చుట్టూ ఒకసారి తిరిగి, టైరు మీద అరచేత్తో తట్టి చూశాడు.

"కొడుకా, ఎడ్లకు పని లేనినాడు గడ్డి జర తక్కువేసినా ఊకుంటయి. ఇది ఊకుంటదా?"

"ఇది ఎద్దా బాపూ? ఆపితే ఆగుతది. ఆగినంక ఏం తింటది?" అని నవ్వాడు సుదర్శన్.

అతని భార్య పుష్పది కోరుట్ల. గల్ఫు పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ అక్కడ ఎక్కువ. హైదరాబాద్ ఎయిర్‌పోర్టుకు కిరాయిలు దొరుకుతాయని కాపురం అక్కడికి మార్చారు. తెల్ల నంబరు ప్లేటు పోయి పసుపు ప్లేటు వచ్చింది. దాని కోసం పర్మిట్టన్నారు, ఫిట్‌నెస్సన్నారు, టాక్సు వేరే అన్నారు. ఒక్కోదానికీ ఒక్కో కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఆ కిటికీల దగ్గరికి వెళ్లడం అతనికి కొత్త. ఇన్నేళ్లూ ఆ పనులన్నీ చంద్రమౌళి గుమాస్తా చూసుకునేవాడు.

మొదట్లో బాగానే ఉంది. దుబాయి పోయే కుర్రాళ్లు జగిత్యాల దాటాక కొండగట్టు దగ్గర ఆపమనేవాళ్లు. వాళ్లు పైకి పోయి అంజన్నకు మొక్కుకుని, బొట్టుతో వచ్చి, దారంతా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చునేవాళ్లు. వాళ్లను దింపి, ఒక్కడే ఖాళీ కారుతో తిరిగొచ్చేటప్పుడు సుదర్శన్ మనసు బరువెక్కేది. తాను సొంత ఊళ్లలోనే, సొంత బండి తోలుకుంటున్నాను కదా అని మళ్లీ ధైర్యం వచ్చేది.

కానీ ఖాళీగా తిరిగొచ్చినా డీజిల్ అంతే తాగుతుంది. అప్పటికే డీజిల్ రేటు మళ్లీ పెరిగింది. స్టాండులో కిరాయి మాత్రం పెరగలేదు. పెంచితే పక్క బండివాడు పాత రేటుకే పోతానంటాడు. క్లచ్ ప్లేట్లు పోయాయి. బ్యాటరీ దిగిపోయింది. కిరాయి లేక వారం రోజులు నిలబడితే, ఆ వారం కూడా ఇన్సూరెన్సు, టాక్సు లోపల్లోపల తింటూనే ఉన్నాయి. తండ్రి అడిగిన మాటకు జవాబు అప్పుడు తెలిసింది.

ఇంకొకటి కూడా తెలిసింది. చంద్రమౌళి కారులో ఉన్నప్పుడు ఏసీ ఆపించేవాడు. గేటు పడిన చోట ఇంజను బంద్ చెయ్యమనేవాడు. మిగతా డ్రైవర్లతో కలిసి సుదర్శన్ ఆ పిసినారితనాన్ని ఎన్నిసార్లు వెక్కిరించాడో! ఇప్పుడు తానే, చెమటలు కక్కుతున్న ప్యాసింజర్లతో, "గాలి మంచిగనే అస్తున్నది గదన్నా, అద్దం జర దించుకోండ్రి" అంటున్నాడు.

పుష్ప గడపలో కూర్చుని బీడీలు చుట్టేది. చంద్రమౌళికి ఇవ్వాల్సిన నెల డబ్బుకు తక్కువ పడినప్పుడల్లా బీడీల పైసలే అందులో కలిసేవి. ఒకసారి ఆమె చేట పక్కన పెట్టి అంది:

"నేను సుట్టిన బీడీలన్ని మీ కారే తాగుతున్నది."

అతనికి నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులు మూతపడ్డాయి, బడులు మూతపడ్డాయి. బొగ్గు బావులు ఆగి కరెంటు కోతలు పెరిగాయి. కొన్నాళ్లకు బస్సులు కూడా డిపోల్లోంచి బయటికి రాలేదు. చూస్తుండగానే కోరుట్ల టాక్సీ స్టాండు తిరునాళ్లయింది. జగిత్యాలకు, మెట్‌పల్లికి, ఎక్కడికి పోవాలన్నా జనం కార్ల మీద పడ్డారు. కిరాయి బస్సు టికెట్టుకు రెండింతలై, మూడింతలైంది. ఎవరు పెంచారో తెలియదు. అందరూ అదే చెప్పారు, సుదర్శనూ అదే చెప్పాడు.

అతను తెలంగాణ కావాలని మనసారా కోరుకున్నవాడే. ర్యాలీల్లో నడిచాడు. కారు ముందటద్దం మీద 'జై తెలంగాణ' అని పెద్ద స్టిక్కరు అంటించాడు. రాస్తారోకోల దగ్గర అది చూసి కుర్రాళ్లు దారి ఇచ్చేవాళ్లు. ఆ పది పదిహేను రోజులూ కారు తన మేత తాను సంపాదించుకుంది. పుష్ప బీడీల పైసలు పుష్ప దగ్గరే ఉన్నాయి.

ఒక పొద్దున ముత్యం అనే ఆయన స్టాండుకు వచ్చాడు. ఆర్టీసీ కండక్టరు, సమ్మెలో ఉన్నాడు. జగిత్యాల డిపో దగ్గర దీక్షా శిబిరానికి పోవాలి.

"జగిత్యాలకు ఎంత తమ్మీ?"

సుదర్శన్ చెప్పాడు. ముత్యం రోజూ ఆ దారిలో టికెట్లు కొట్టిన మనిషి. కారు ముందుకొచ్చి స్టిక్కరు చదివాడు.

"మంచిగ అంటిచ్చినవ్ తమ్మీ. గని లోపల కూసున్నోనికి ఇది ఉల్టా కనవడ్తది."

"అన్నా, డీజిల్ రేటు ఎట్లున్నదో నీకు తెలువదా..."

"తెలుసు. నేనేం అంటలే. మేం జీతాలు బందు వెట్టుకొని బస్సులు ఆపినం. ఆ జీతాలు యాడికి వోయినయో అనుకున్న. గిటు అచ్చినయన్నట్టు."

కోపంగా అనలేదు. నవ్వుతూనే అని, అటుగా పోతున్న ఒక మోటర్ సైకిల్‌ను ఆపి, వెనక ఎక్కి వెళ్లిపోయాడు. అన్నా రా, పైసలొద్దు అని పిలవాలనుకున్న సుదర్శన్ నోరు తెరిచేలోపే ముత్యం మలుపు తిరిగిపోయాడు.

ఆ రోజంతా డ్రైవరు సీట్లో కూర్చున్న సుదర్శన్‌కు అద్దం మీది అక్షరాలు తిరగబడే కనిపించాయి. ఇన్నాళ్లూ అవి కళ్ల ముందే ఉన్నాయి, కానీ చూడలేదు.

మర్నాటి నుంచి అతను బస్సు టికెట్టుకే ఎక్కించుకున్నాడు. స్టాండులో పెద్దవాడైన సాంబయ్య వచ్చి తలుపు పట్టుకున్నాడు.

"ఏంది సుదర్శన్, నువ్వొక్కనివి మంచోనివైతే మేమంత దొంగలమా?"

"నేనెవ్వరిని ఏమన్లే కాకా. నాకు గింతనే తీస్కోబుద్ధైతున్నది."

"నీ బుద్ధి డీజిల్ పోస్తదా? సూస్త, ఎన్నిదినాలు నడుపుతవో."

సాంబయ్య మాట నిజమే అయింది. బంకులకు ట్యాంకర్లు సరిగా రాక డీజిల్ డబ్బాల్లో ఎక్కువ ధరకు కొనాల్సి వచ్చింది. మేడిపల్లి దగ్గర వెనక టైరు పగిలింది. పాత టైరు వేయించుకున్నాడు. కారు నిండా జనం ఎక్కినా సాయంత్రానికి చేతిలో మిగిలిందేమీ లేదు. దూరం ఎక్కువా కాదు, జనం తక్కువా కాదు. మామూలు ధరకు, మామూలు రోజుల్లో, ఈ బండి తన తిండి తాను సంపాదించుకోలేదు. నలుగురికీ ఆపద వచ్చినప్పుడే దీని కడుపు నిండుతుంది. ఆ మాట మనసులో అనుకున్నాక సుదర్శన్‌కు అన్నం సహించలేదు.

పుష్పతో చెప్పాడు. ఆమె బీడీ ఆకు కత్తిరించడం ఆపలేదు.

"మరి సమ్మె అయిపోవద్దని మొక్కుకుందమా?" అంది.



అంతలో చంద్రమౌళి ఫోన్ చేశాడు. జగిత్యాలలో ఉండే వాళ్లక్కకు ఒంట్లో బాగా లేదు, చూసి రావాలి, బస్సులు లేవు, రాగలవా అని. సుదర్శన్ పొద్దున్నే సిరిసిల్ల చేరుకున్నాడు. షెడ్డులో చప్పుడు లేదు. చంద్రమౌళి అలవాటు ప్రకారం వెనక తలుపు మీద చెయ్యి వేసి, ఆగి, తలుపు వదిలేసి ముందుకొచ్చి సుదర్శన్ పక్కన కూర్చున్నాడు.

వేములవాడ దాటాక ఒక ఊరి దగ్గర రోడ్డు మీద పొయ్యిలు వెలిగాయి. వంటావార్పు. జనం రోడ్డుకు అడ్డంగా గుండిగలు పెట్టి అన్నం వండుతున్నారు. అటూ ఇటూ బండ్లు ఆగిపోయాయి. "తిన్నంకనే దారి! దిగుండ్రి, అందరు తినుండ్రి!" అని కుర్రాళ్లు కేకేస్తున్నారు.

రోడ్డు మధ్య భోజనాల బంతి సాగింది. సుదర్శన్ పక్కకు నిలబడ్డాడు. ఇన్నేళ్లలో సేటు హోటల్లో తిన్నాకే అతను తినేవాడు. ఇంటి దగ్గర టీ ఇచ్చినా అతని గ్లాసు వరండా గోడ మీదే ఉండేది. ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు, అట్లా నడిచిపోయింది.

పసుపు చీర కట్టుకున్న ఒకామె విస్తర్లు పరుస్తూ, "నిలవడ్డరేంది? ఇద్దరు ఒక్కతాన్నే కూసోండ్రి, జాగ లేదు" అని గదమాయించింది. చంద్రమౌళి పంచె ఎగగట్టి కూర్చున్నాడు. పక్కన ఖాళీని చూపించాడు. సుదర్శన్ కూర్చున్నాడు. వేడి అన్నం, పచ్చిపులుసు. రోడ్డు కింద నుంచి కాలుతోంది.

కొంచెంసేపు తిన్నాక చంద్రమౌళే అడిగాడు. "బండి ఎట్ల నడుస్తున్నది?"

సుదర్శన్ అబద్ధం చెప్పాలనుకున్నాడు కానీ నోటికి రాలేదు. ముత్యం మాట, సాంబయ్య మాట, టైరు సంగతి, పుష్ప అన్నది అన్నీ చెప్పేశాడు. చివరికి అడిగాడు:

"సేటూ, ఈ బండి మనిషిని గిట్ల తింటదని నీకు తెలుసు గద. ఇచ్చేనాడు ఒక్క మాట ఎందుకు చెప్పలే?"

చంద్రమౌళి కలిపిన ముద్దను విస్తట్లోనే ఉంచాడు.

"నీకు తెలుసనే అనుకున్న సుదర్శన్. నడిపింది నువ్వే గద."

"నడిపెటోనికి రోడ్డు తెలుస్తది సేటూ. బండి తెలువది."

చంద్రమౌళి మెల్లగా అన్నాడు. "నాకు గూడ ఉత్తగనే తెలువలే. అది ఇంటి ముందట ఉన్నన్నినాళ్లు, షెడ్డు మంచిగ నడుస్తున్నదని ఊరోళ్లు అనుకున్నరు. వాళ్లనుకుంటున్నరని నేను గూడ అనుకున్న. నీకిచ్చినంక నడుసుకుంట షెడ్డుకు పోతుంటె ఎవలు సూస్తరో అని తల వంచుకున్న. ఎవ్వలు సూడలే. గప్పుడు నిద్ర వట్టింది."

"మరి నేనేం జెయ్యాలె?"

"అమ్మేయి. నాకు రావాల్సింది దాంట్ల ఎంతొస్తే అంత ఇయ్యి. తక్కువైతే నా ఖర్మ. ఇచ్చేటోడు గూడ అడగాలె గద, ఏమన్న ఎరుకేనా అని."

పొయ్యి మీది గుండిగ ఖాళీ అయ్యాక దారి ఇచ్చారు. జగిత్యాలలో అక్కను చూసి, సాయంత్రానికి తిరిగొచ్చారు. కిరాయి మాట ఇద్దరూ ఎత్తలేదు. దిగేటప్పుడు చంద్రమౌళి డీజిల్‌కని కొంత సీటు మీద పెట్టాడు. సుదర్శన్ వద్దనలేదు.

అక్టోబరులో సమ్మె ఆగింది. తెలంగాణ వచ్చిందా రాలేదా అని జనం మాట్లాడుకుంటుండగానే బస్సులు రోడ్డెక్కాయి, స్టాండు బోసిపోయింది. దీపావళి వెళ్లాక జగిత్యాలలో ఒకాయన సుదర్శన్ కారు కొన్నాడు. మస్కట్ నుంచి వచ్చి, కొత్త ఇల్లు కట్టి, ఇంటి ముందర కారు లేక వెలితిగా ఉందనుకుంటున్న మనిషి. బేరం దగ్గర చంద్రమౌళి కూడా ఉన్నాడు. డబ్బు చేతులు మారాక సుదర్శన్ కొనుక్కున్నాయనను పక్కకు పిలిచి, టాక్సు ఎప్పుడు కట్టాలో, ఏ టైరు ఎన్నాళ్లు వస్తుందో, ఖాళీగా నిలబెడితే ఏమేం తింటుందో అంతా చెప్పాడు. ఆయన తల ఊపుతూనే ఉన్నాడు గానీ చూపు మాత్రం కారు మీదే ఉంది.

చంద్రమౌళికి ఇచ్చాక సుదర్శన్‌కు మిగిలింది కొంచెమే. ఇద్దరూ నడుచుకుంటూ జగిత్యాల బస్టాండుకు వచ్చి, శనగల పొట్లాలు కొనుక్కుని సిరిసిల్ల బస్సు కోసం నిలబడ్డారు. సుదర్శన్ ఎల్లారెడ్డిపేటకు, తండ్రిని చూడడానికి పోతున్నాడు.

"ఇప్పుడేం జేస్తవ్?" అన్నాడు చంద్రమౌళి.

"ఆటో తీద్దామనుకుంటున్న. సిరిసిల్ల నుంచి ఎల్లారెడ్డిపేటకు. బాపు దగ్గరనే ఉండొచ్చు."

"దాని ఖర్సెంతైతదో ఈసారన్న మంచిగ కనుక్కున్నవా? ఆటోలోళ్లను అడిగినవా?"

"అడిగిన. అందరు మస్తుంటదన్నరు." సుదర్శన్ శనగలు నోట్లో వేసుకుని నవ్వాడు. "పుష్ప వోయి వాళ్ల ఇండ్లల్ల ఆడోళ్లను అడిగొచ్చింది. వాళ్లు అసలు సంగతి జెప్పిండ్రు. అయినా తీద్దామన్నది."

బస్సు వచ్చింది. జనం తోసుకున్నారు. ఇద్దరికీ సీటు దొరకలేదు. వేములవాడ దాకా పైన కమ్మీ పట్టుకుని, మలుపు మలుపుకూ ఒకరి భుజం ఒకరికి తగులుతూ, పత్తి ధర గురించీ కరెంటు గురించీ మాట్లాడుకుంటూ నిలబడి పోయారు.