ఎరుకమ్మ పెట్టిన చలిమిడి

మా ఇంట్లో రాముడిని నేను. నా తమ్ముడు లక్ష్ముడు. వాడి కూతురు సీతాలు. ఇంతమందికి పేర్లు పెట్టిన మా అమ్మ ముసలమ్మ ఒక్క హనుమంతుణ్ణి మాత్రం కనలేదు. కని ఉంటే జహాజులో అన్ని రోజులు కక్కుకుంటూ రావలసిన పని తప్పేది. వలలూ చట్టీకుండలూ వాడి వీపు మీద కట్టుకుని శ్రీకాకుళం ఒడ్డున ఒక్క దూకు దూకితే పోర్ట్ బ్లెయిర్‌లో దిగేవాళ్ళం. సర్కారువారు రమ్మన్నారు, చోటు చూపించారు, వచ్చాం. ఊరి దిగువన సముద్రం పక్కనే మా పేట లేచింది.

ఇప్పుడు నేను చెప్పేది మాత్రం మా మరదలు ఎరుకమ్మ గురించి. లక్ష్ముడి పెళ్ళాం. మనిషి పొట్టి, నోరు పొడుగు. ఒకసారి ఆవిడ ఒడ్డు మీద నిలబడి కేకేస్తే సముద్రంలో ఉన్న మూడు పడవలు వెనక్కి తిరిగాయి. అందులో ఒకటి మాది కూడా కాదు. అలాంటి మనిషి ఒక గిన్నెడు చలిమిడి చేసి, ఆ తర్వాత నోరు పెగలక నెలల తరబడి తిరిగింది.

ఇక్కడి వాన సంగతి ముందు తెలియాలి. ఒక ఏడాది పొయ్యి దగ్గర కూర్చుని గుమ్మంలోకి గాలం వేసి కానాగంత చేపని పట్టాను. ఎరుకమ్మ అది అబద్ధమంటుంది, కూర తిన్నది మాత్రం ఆవిడే. అంత వానలో మధ్యలో ఒక రోజు ఎండ కాసిందంటే మాకు పెద్ద పని. నెత్తళ్ళూ కవళ్ళూ లాంటి చిన్న చేపల్ని ఎండడానికి ఇసకలో పరవాలి, తిరగెయ్యాలి, కాకుల్ని తోలాలి, మబ్బు కనిపిస్తే పరుగున ఎత్తాలి. అందుకని ఎండొస్తే మా పేట పిల్లలు బడికి పోరు. వానొస్తే పోతారు. మిగతా లోకంలో ఇది తిరగబడి ఉంటుందని జ్ఞానవతి టీచరు వచ్చాకే మాకు తెలిసింది.

జ్ఞానవతిది రాజమండ్రి వైపు. క్రైస్తవుల అమ్మాయి, పాతికేళ్ళు ఉంటాయేమో. మన పిల్లలకు తెలుగు చెప్పడానికి వేశారు. మిడిల్ పాయింట్‌లో ఒక గది తీసుకుని ఒక్కతే ఉండేది. బళ్ళో ఒక మూల చాపలు పరిచి, మా పేట గవరయ్య కొడుకు లాంటి మొద్దు చేత కూడా గుణింతం చెప్పించింది. ఆ గవరయ్య కొడుకు అంతకుముందు తన పేరు అడిగితే తండ్రి వైపు చూసేవాడు.

ఒక ఎండ రోజున ఆ అమ్మాయి గొడుగేసుకుని నేరుగా ఒడ్డుకే వచ్చింది. చేపల మధ్య కాలు పెట్టడానికి చోటు వెతుక్కుంటూ ఎరుకమ్మ ముందు నిలబడింది.

“ఎరుకమ్మగారూ, సీతాలు బాగా చదువుతుందండి. చదివే పిల్లని కాకులకి కాపలా పెడితే ఎలాగండి?”

“కాకులకే సదువు సెప్పండి పంతులమ్మా. అవి రావడం మానేస్తే నా గుంటని పంపీస్తాను” అంది ఎరుకమ్మ.

ఒడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఎరుకమ్మ మాత్రం నవ్వలేదు. నలుగురిలో తనని నిలదీసిందన్న మాట లోపల దిగబడిపోయింది. ఆ సాయంత్రం కుళాయి దగ్గర బిందె పెట్టి, అందరూ వింటుండగా అంది, “ఈవిడ ఎప్పుడు జహాజెక్కుతాదో, నా గుంట నాకు ఎప్పుడొస్తాదో.”

సెప్టెంబరు వచ్చింది. టీచర్ల రోజు అని అప్పుడప్పుడే కొత్తగా మొదలెట్టారు. హెడ్‌మాస్టరు పిల్లలందరితో హిందీలో చెప్పాడట, బజారు సరుకు తేవద్దు, ఘర్ కా బనా హువా, అంటే ఇంట్లో చేసింది తెండి, మీ టీచర్లకి ఇవ్వండి అని. బెంగాలీ పిల్లలు కొబ్బరి ఉండలు తెస్తారు, మలయాళీలు అరటికాయ ముక్కలు వేయించి తెస్తారు. మా పేటలో పెద్ద ఆలోచన పడింది. గవరయ్య కొడుకు బతికున్న పీతని రేకు డబ్బాలో పెట్టి తీసుకుపోయాడు. ఆ పీత దిగి హిందీ క్లాసు చూసి, లెక్కల క్లాసు చూసి, హెడ్‌మాస్టరు కుర్చీలో కూర్చుందని చెప్పుకున్నారు. కూర్చుందో లేదో గానీ మధ్యాహ్నం దాకా ఆయన మాత్రం నిలబడే ఉన్నాడు.

సీతాలు వాళ్ళమ్మ కొంగు పట్టుకుంది. “అమా, మన టీచరుకి మంచిది చెయ్యాల. అందరి కంటే మంచిది.”

మా అమ్మ అప్పుడు గరాచర్మలో చెల్లెలి ఇంట్లో ఉంది. ఉండి ఉంటే ఈ కథే లేదు. ఎరుకమ్మ గోల్ ఘర్ బజారుకి వెళ్ళి బెల్లం తెచ్చింది. బియ్యం నానబోసి, తడి పిండి దంచి, పాకం పట్టి, నెయ్యేసి, కొబ్బరి ముక్కలు కలిపి ఇత్తడి గిన్నెలో చలిమిడి ముద్ద పెట్టింది. వాసనకి నేను గుమ్మంలోకి వచ్చాను.

“ఏటే మరదలా, ఎవరిని పంపుతున్నావు అత్తారింటికి?”

“ఎవరినీ లేదు. పంతులమ్మకి.”

“నూనె ఉంది కదా, అరిసెలు వండొచ్చు.”

“నాకు వొచ్చింది ఇదే” అని కొత్త రవికగుడ్డ మడత విప్పి గిన్నె మీద కప్పింది.

“రవికగుడ్డ కూడానా?”

“ఈగలు వాలకుండా బావా. మీకన్నీ కావాల.”

చలిమిడి మీద రవికగుడ్డ పెట్టి ఆడపిల్ల చేతికి ఇస్తే ఏమిటో మన వైపు తెలియనివాళ్ళు లేరు. పుట్టింటివాళ్ళు కూతుర్ని సాగనంపేటప్పుడు పెట్టే సారె అది. కడుపు చల్లగా ఉండమ్మా, వెళ్ళి రామ్మా అని. ఎరుకమ్మకి తెలియదా? తన పెళ్ళయి వచ్చినప్పుడు ఒళ్ళో అదే గిన్నె పెట్టుకుని కూర్చుంది. నేను గుమ్మం దిగాను. ఇంకొకటి అంటే మళ్ళీ మూడు పడవలు వెనక్కి తిరుగుతాయి.

సీతాలు గిన్నె తీసుకుని వెళ్ళింది. ఖాళీ గిన్నెతో వచ్చింది. “టీచరు ఏడిసింది అమా. చలిమిడి చూసి ఏడిసింది. తర్వాత నవ్వింది” అని చెప్పింది.

ఎరుకమ్మ గిన్నె తోముతూ ఉంది. చెయ్యి ఒక్క క్షణం ఆగింది, మళ్ళీ తోమింది.

నాలుగైదు రోజులు గడిచాయి. సీతాలు బడి నుంచి పలక చంకలో పెట్టుకుని వెక్కుతూ వచ్చింది. టీచరు ఈ జహాజుకే వెళ్ళిపోతుందట. ఇంకో ఏడాది ఉంటావా, ఇప్పుడే వెళతావా అని హెడ్‌మాస్టరు ముందే అడిగాడట. తేల్చుకోలేక ఊరుకుందట. పేటవాళ్ళే చలిమిడి పెట్టి పంపారు, ఇంక నాకు దిగులు లేదు, వెళతాను అని చెప్పేసిందట. ఆవిడ చోటికి ఎవరూ రారు. తెలుగు పిల్లల్ని హిందీ క్లాసులో కలిపేస్తారు.

“మనం పంపినామా అమా టీచర్ని?”

ఎరుకమ్మ పొయ్యి ఊదుతోంది. పొయ్యిలో నిప్పు లేదు. అయినా ఊదుతూనే ఉంది.

మర్నాటికి మా అమ్మ గరాచర్మ నుంచి దిగింది. ఇంటికి చేరకముందే దారిలో నలుగురు చెప్పేశారు. బుట్ట దించకుండానే మొదలెట్టింది.

“ఏటే, నీకు ఎంతమంది కూతుళ్ళే సారె పెట్టి పంపడానికి? గుంటలకి రెండక్షరాలు వొస్తన్నాయంటే నీ కంట్లో కారం పడినాదా?”

“నాకు తెల్దు అత్తా. బియ్యమూ బెల్లమూ ఉన్నాయని చేసీసినాను.”

“రవికగుడ్డ ఏ సెట్టుకి కాసినాదే?”

ఎరుకమ్మ బిందె తీసుకుని బయటికి నడిచింది. కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు జరిపి దారి ఇవ్వడం మానేశారు. కోరుకున్నది జరిగింది కదా, సంబరం చేసుకో అని ఎవరో అన్నారు. అదే కుళాయి దగ్గర తను అన్న మాటే. తమ్ముడు రెండు రోజుల వేట నుంచి వచ్చి, అన్నం ముందు కూర్చుని, విషయమంతా విని అన్నం ముట్టకుండా చెయ్యి కడుక్కున్నాడు. తిట్టి ఉంటే ఆవిడకి కాస్త తేలికయ్యేది.

ఆవిడ మొహం చూడలేక నేను నా ఎత్తు ఎత్తాను. “బాధపడకే. జహాజు కదలనివ్వను. నాకు తెలిసిన సొరచేప ఒకటి ఉంది. దానికి చెబితే లంగరు పట్టుకుని వేలాడుతుంది. పోయిన ఏడు కలెక్టరు ఓడని అలాగే ఆపింది.”

ఎప్పుడైనా అయితే నా మీదికి చీపురు వచ్చేది. ఆ రోజు ఎరుకమ్మ నన్ను చూసి మెల్లిగా అంది. “బావా, ఒక మాట సెప్పనా? పిండి దంచినప్పుడు నాకు తెల్దు. పాకం పట్టినప్పుడూ తెల్దు. రవికగుడ్డ కప్పినప్పుడు తెలిసినాది. తెలిసి కూడా తియ్యలేదు.”

“ఆ మాట నాకెందుకు? మిడిల్ పాయింట్ పోయి చెప్పు.”

“నాకు నోరు రాదు.”

“నీకా?”

“మీరు కూడా రండి.”

వెళ్ళాం. ఆ రోజు వాన లేదు, ఎండ లేదు, మబ్బు. జ్ఞానవతి గదిలో ట్రంకు పెట్టె తెరిచి ఉంది. సగం సర్దింది. మమ్మల్ని చూసి పీట వేసింది. మొహం వెలిగిపోతోంది. ఎరుకమ్మ గుమ్మం దగ్గరే నిలబడింది.

“రండక్కా. నేనే వద్దామనుకున్నాను” అంది టీచరు. “మీరు ఎలా కనిపెట్టారో నాకిప్పటికీ తెలియదు. ఉండనా, వెళ్ళనా అని ఒక్కదాన్నే కొట్టుకుంటున్నానండి. వెళితే ఈ పిల్లల ఉసురు తగులుతుందేమోనని భయం. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. మద్రాసులో ఓడెక్కిన రోజు నా చేతిలో ఒక పండు పెట్టినవాళ్ళు కూడా లేరు. అలాంటిది మీరు చలిమిడి పెట్టి, రవికగుడ్డ కప్పి…” ఆపి కళ్ళు తుడుచుకుంది. “అందరికీ పంచానండి. ఈ వరసలో ఉన్న ప్రతి ఇంటికీ. మా పుట్టింటివాళ్ళు పెట్టారని చెప్పాను.”

ఎరుకమ్మ నా వైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను. నా దగ్గర కథలు చాలా ఉన్నాయి గానీ అక్కడ చెప్పదగింది ఒక్కటీ లేదు.

టీచరు చెబుతూనే ఉంది. చెల్లెలు ప్రేమావతి పెళ్ళికి తను లేదు. చెల్లెలికి కొడుకు పుట్టి రెండో ఏడు నడుస్తోంది, ఇంకా చూడలేదు. మాటలు నేర్చాడట. తన ఫోటో చూపించి, ఎవర్రా అంటే పెద్దమ్మ అంటున్నాడట.

“పంతులమ్మా” అంది ఎరుకమ్మ. గొంతు ఎవరిదో లాగ వచ్చింది. “నేను నిన్ను కూతురనుకోని పెట్టలేదమ్మా.”

టీచరు పెట్టెలో పెట్టబోతున్న చీర చేతిలోనే ఆపుకుంది.

“ఒడ్డు మీద నలుగురిలో అన్నావని కడుపులో పెట్టుకున్నాను. నువ్వు ఎళ్ళిపోవాలనుకున్నాను. నువ్వు ఎళ్తన్నావో లేదో అప్పుడు నాకు తెల్దు. నా కడుపులో ఉన్నది నా సేతిలోంచి గిన్నెలోకి దిగిపోనాది. నువ్వేమో దాన్ని ఇంటింటికీ పంచి పుట్టిల్లు అన్నావు.”

బయట బస్సు ఒకటి గరాచర్మ వైపు వెళ్ళింది. జ్ఞానవతి చేతిలో ఉన్న చీర ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఒళ్ళో పెట్టుకుంది. వెలుగంతా మొహం లోంచి దిగిపోయింది.

“పేటలో అందరూ కలిసి పంపింది కాదా అది?” అని నన్నడిగింది.

“కాదమ్మా. అందరూ దీన్ని తిడుతున్నారు” అన్నాను.

“మరి ఇప్పుడేమంటారు అక్కా? ఉండమంటారా? వెళ్ళమంటారా? మీరు చెప్పండి.”

ఎరుకమ్మ గుమ్మం పట్టుకుంది. వచ్చేటప్పుడు దారి పొడుగునా ఉండిపొమ్మని అడగాలని అనుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఆ పిల్లవాడి సంగతి కూడా విన్నది. వెళ్ళమంటే పేటలో పిల్లలకి అన్యాయం. ఉండమంటే ఈ పిల్లకి అన్యాయం. రెండిట్లో ఏదైనా ఆవిడ చేతి మీదుగానే జరగాలి.

“ఉండమ్మా” అంది చివరికి, చాలా చిన్నగా. “అడగడానికి నాకు మొహం లేదు. అయినా అడుగుతన్నాను.”

టీచరు ట్రంకు వైపు చూసింది. తర్వాత లేచి, సర్దిన చీరలు ఒక్కొక్కటీ తీసి మళ్ళీ దండెం మీద వేసింది. అన్నీ వేసేదాకా మా వైపు తిరగలేదు. తిరిగినప్పుడు ఒక్కటే అంది, “ఎండొచ్చిన రోజు కూడా పంపాలండి సీతాల్ని.”

“పంపుతానమ్మా.”

తిరిగొచ్చేటప్పుడు దారంతా నేనేదో ఒకటి అంటూనే ఉన్నాను. ఆవిడ ఒక్కదానికీ తిరిగి అనలేదు. పేటలో మాత్రం ఆ సాయంత్రం పెద్ద సంబరం. కుళాయి దగ్గర ఎరుకమ్మకి దారి ఇచ్చారు, బిందె కూడా ఎత్తారు. మా అమ్మ సైతం, పోనీలే బుద్ధొచ్చింది అంది. ఎవరేమన్నా ఆవిడ తల ఊపి తప్పుకుంది.

టీచరు లేకుండా జహాజు కదిలిన రోజు కావాలని చేసినట్టు ఎండ కాసింది. అలాంటి ఎండ నేను మళ్ళీ చూడలేదు, పరిచిన నెత్తళ్ళు తిరగెయ్యకముందే తమంతట తామే పక్కకి దొర్లాయి. సీతాలు పలక పట్టుకుని బడికి పోయింది. తమ్ముడు వేటకి పోయాడు. కాకులకి ఎవరు చెప్పారో గానీ పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నవన్నీ మా ఇసక మీదే దిగాయి. ఎరుకమ్మ ఒక చేత్తో తోలుతూ, ఇంకో చేత్తో చేపలు తిరగేస్తూ, ఒక్కతే ఒడ్డంతా పరుగెత్తుతోంది.

“సీతాల్ని పిలుచుకు రానా?” అన్నాను, ఉడికిద్దామని.

“వద్దు.”

జహాజు కూత వేసింది. పేటలో పిల్లా జెల్లా ఒడ్డుకొచ్చి నిలబడ్డారు. తెల్లగా, మెల్లగా, మా ఎదుటి నుంచే బయటికి సాగిపోయింది. ఎరుకమ్మ వంచిన తల ఎత్తలేదు. నేను చూడమన్నాను, చూడలేదు. ఓడ కనబడకుండా పోయాక, తిరగేసిన చేపనే మళ్ళీ తిరగేస్తూ అంది.

“ఆ గుంటడు ఇయ్యాళ కూడా ఫోటోకే సెప్తన్నాడు కదా బావా, పెద్దమ్మా అని.”

నేను పక్కన కూర్చుని కాకుల్ని తోలాను.