బయటికి వెళ్ళని బూట్లు

మా వీధి సంక్షేమ సంఘానికి మా ఆయన కార్యదర్శి. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక మొదట ఇంట్లో అజమాయిషీ మొదలుపెట్టబోయారు. అక్కడ ఖాళీ లేదని తెలిశాక వీధి మీద పడ్డారు. ఆయన హయాంలో వీధి మొదట్లో గేటు వచ్చింది, గేటుకి వీధంతా కనబడే కెమెరా వచ్చింది, భద్రత గురించి మాట్లాడుకోవడానికి ఫోనులో ఒక గ్రూపు వచ్చింది. ఇంతవరకూ ఆ గ్రూపు పట్టుకున్న దొంగ ఒక్కడే. తీరా చూస్తే అతను సంఘం అధ్యక్షులవారి బావమరిది.

మా ఆయనకి పారదర్శకత అంటే ప్రాణం. చెవిన పడ్డ ప్రతి మాటా గ్రూపులో పెడతారు. ఆ గ్రూపులో వీధివాళ్ళే కాదు, పాలు పోసే అతను, కేబుల్ అతను, ఎప్పుడో ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయిన అద్దెవాళ్ళు కూడా ఉన్నారు. తీసెయ్యడం మర్యాద కాదని అందరినీ అలాగే ఉంచేశారు. మా ఇంట్లో గీజరు పాడైన సంగతి నాకంటే ముందు ఆ కేబుల్ అతనికి తెలిసింది.

ఒకసారి సంఘం మహిళల భద్రత మీద సభ పెట్టింది. మా ఆయన ఉపన్యసించారు. ఒంటరిగా ఉండే ఆడవాళ్ళు గుమ్మం బయట మగవాళ్ళ చెప్పుల జత ఒకటి ఉంచుకోవాలని, చూసినవాడు లోపల మగదిక్కు ఉందనుకుని వెనక్కి తగ్గుతాడని చెప్పారు. ఆ ఉపన్యాసం టైపు చేసిపెట్టింది నేనే కాబట్టి నాకు బాగా గుర్తు. అందరూ చప్పట్లు కొట్టి, సమోసాల బదులు బిస్కెట్లు పెట్టినందుకు కాస్త గొణుక్కుని వెళ్ళిపోయారు. చెప్పింది చెవికెక్కించుకున్నది ఒక్క మనిషి.

మా ఎదురింటి మేడ మీద ఒంటరిగా ఉంటుంది ఆ అమ్మాయి. రక్తపరీక్షలు చేసే ల్యాబులో ఉద్యోగం. వీధిలో అందరికీ ల్యాబ్ అమ్మాయి. తెల్లవారకముందే డ్యూటీకి వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చి పడుకుంటుంది. కింద భాగం మందుల షాపాయన గోడౌను. పగలు ఆయన మనుషులు ఒకసారి వచ్చి అట్టపెట్టెలు తీసుకుపోతే, మిగతా వేళంతా తాళమే. ఓనరమ్మ వీధి చివర వేరే ఇంట్లో ఉంటుంది.

సభ అయిన మర్నాడు ల్యాబ్ అమ్మాయి మా ఇంటికి వచ్చి, పెద్ద సైజు పాత చెప్పులేమైనా ఉన్నాయా అక్కా అని అడిగింది. ఎందుకమ్మా అంటే చెప్పింది. ఇదివరకు ఉన్న ఇంట్లో ఒక మధ్యాహ్నం పడుకుని ఉండగా బయటినుంచి ఎవరో తలుపు పిడి తిప్పారట. కాసేపు ఆగి మళ్ళీ తిప్పారట. తర్వాత మెట్లు దిగి వెళ్ళిపోయిన చప్పుడు.

"ఏమీ జరగలేదక్కా. అదే వచ్చిన చిక్కు. ఎవరికి చెప్పినా, తర్వాత ఏం జరిగిందని అడుగుతారు."

నేను అడగలేదు. బీరువా కింద చెయ్యి పెట్టి మా ఆయన గోధుమరంగు బూట్లు బయటికి లాగాను. ఎవరి పెళ్ళికో కొని, ఒక పూట తొడిగి, కరుస్తున్నాయని మూలకి తోసినవి. ఒక లేసు తెగిపోతే మా అబ్బాయి పాత స్కూలు బూటులోంచి నల్ల లేసు తీసి కట్టాను. తుడిచి ఇచ్చాను. మా ఆయనకి చెప్పలేదు. చెబితే కాదనరు. గ్రూపులో పెడతారు.

ఆ రోజు నుంచి మేడ మెట్ల చివర, తలుపు పక్కన, ఆ బూట్లు దర్జాగా కొలువుతీరాయి. మధ్యాహ్నాలు నిద్ర పడుతోందక్కా అని ఒకసారి మెట్ల మీదనుంచే చెప్పింది ఆ అమ్మాయి. నాకూ పుణ్యం వచ్చింది, బీరువా కింద చోటూ వచ్చింది.

వాటిని మొదట కనిపెట్టింది మందుల షాపాయన. ఆయన సంఘానికి కోశాధికారి. గోడౌనుకి వచ్చినప్పుడల్లా తలెత్తి చూసేవాడు. ఒంటరి ఆడపిల్ల గుమ్మంలో మగ బూట్లేమిటన్నది ఆయన మొదటి సందేహం. అవి అక్కడినుంచి కదలవేమిటన్నది రెండోది. ఈ రెండోదే కొంప ముంచింది. బూట్లు బయటే ఉన్నాయంటే మనిషి లోపలే ఉన్నట్టు. ఎప్పుడూ లోపలే ఉన్నాడంటే బయటికి రాలేని కారణమేదో ఉన్నట్టు. మా ఆయన కెమెరాలో పాత దృశ్యాలన్నీ ముందుకీ వెనక్కీ తిప్పి చూశారు. ఏ మగవాడూ ఆ మెట్లెక్కలేదు, దిగలేదు. మామూలు మనుషులైతే అక్కడ మగవాడే లేడనుకుంటారు. సంఘంవాళ్ళు, వాడు కెమెరాకి కూడా దొరకని ఘటికుడని తేల్చారు.

భోజనం దగ్గర మా ఆయన ఈ సంగతంతా చెబుతుంటే విని, మెల్లిగా అన్నాను. "గుమ్మంలో మగవాళ్ళ చెప్పులు పెట్టుకోమని మీరే చెప్పారుగా?"

"అది దొంగల్ని నమ్మించడానికి. మనల్ని కాదు."

"ఆ అమ్మాయి కూడా అందుకే పెట్టుకుందేమో."

"అలా పెట్టుకుంటే సంఘానికి తెలియపరచాలి కదోయ్. తెలియపరచలేదు. కాబట్టి అవి నిజం బూట్లు."

మజ్జిగ పోశాను. అంత గట్టి తర్కానికి ఎదురు నిలవడం నా డిగ్రీతో అయ్యే పని కాదు.

సాయంత్రానికల్లా గ్రూపులో పడింది. ఎదురింటి మేడ మీద గుర్తు తెలియని వ్యక్తి ఉన్నట్టు అనుమానం, విచారణ జరుగుతోంది, ఫలితం ఇక్కడే తెలియజేస్తాం అని. ఓనరమ్మ అది చదివి మేడెక్కింది. ఒంటరి అమ్మాయివని, ఎవరూ రారని ఇల్లిచ్చాను, నెలాఖరుకి ఖాళీ చెయ్యమంది.

ల్యాబ్ అమ్మాయి మా వంటింట్లోకి వచ్చి స్టూలు మీద కూర్చుంది. ల్యాబుకి నడిచి వెళ్ళగలిగే దూరంలో ఒంటరి ఆడదానికి ఇచ్చే ఇల్లు ఇదొక్కటే దొరికిందట, అదీ ఎంతో తిరిగితే. చీకటితో వెళ్ళే డ్యూటీకి దూరపు ఇల్లు పనికిరాదు. బూట్ల సంగతి ఓనరమ్మకి ఉన్నదున్నట్టు చెప్పిందట. ఆవిడ నమ్మలేదు. సంఘం చెబితే నమ్ముతానందట.

"సరే, సంఘంతోనే చెప్పిద్దాం. బూట్లు నేనిచ్చినవేగా," అన్నాను.

"సంఘం చెబితే గ్రూపులో పెడతారు కదక్కా. మేడ మీద అమ్మాయి ఒక్కతే ఉంటుంది, బూట్లు ఉత్తుత్తివి అని. ఇల్లు పోగొట్టుకోవడమో, ఒంటరిదాన్నని దండోరా వేయించుకోవడమో. రెండింట్లో ఏదో తేల్చుకోలేక మీ దగ్గరికొచ్చాను."

ఏడవలేదు. నేను కోస్తున్న చిక్కుళ్ళు కొన్ని తీసుకుని ఈనెలు తీసి ఇచ్చింది. వెళ్ళేముందు, విచారణ మా ఇంట్లోనే జరిగేలా చూస్తానని, బూట్లు ఒక సంచిలో వేసుకుని రమ్మని చెప్పాను.

ఆదివారం పొద్దున మా హాల్లో కమిటీ కూర్చుంది. అధ్యక్షులవారు, మందుల షాపాయన, మా ఆయన, పిలిపించిన ఓనరమ్మ. అధ్యక్షులవారి ఫోను మోగిందంటే పక్క వీధికి వినిపిస్తుంది. ఆ వంక పెట్టుకుని, అందరి ఫోన్లూ పళ్ళెంలో పెట్టించుకుని లోపల ఛార్జింగులో పెడతానని తీసుకుపోయాను. మా ఆయనది కూడా. ఆయన ఇస్తూ ఇస్తూ రెండుసార్లు చూసుకున్నారు. టీ ఇచ్చాక ల్యాబ్ అమ్మాయి సంచితో వచ్చింది.

అధ్యక్షులవారు మర్యాదస్థులు. మీ ఇంట్లో ఇంకెవరైనా ఉంటున్నారా అమ్మా అని అడిగారు.

"ఎవరూ లేరండి."

"మరి బూట్లు?"

"బూట్లే ఉన్నాయండి."

సంచిలోంచి తీసి టీపాయి మీద కాగితం పరిచి పెట్టింది. మందుల షాపాయన ఒకటి చేతిలోకి తీసుకుని తిరగేసి, తోలు ఖరీదైనదేనని, మనిషి ఉన్నవాడే అయ్యుంటాడని అన్నాడు. మా ఆయన రెండోది తీసుకుని కళ్ళజోడు పైకి తోసి పరీక్షించారు. ఒక లేసు గోధుమరంగు, ఒకటి నలుపు, వీడెవడో ఒంటి మీద శ్రద్ధలేని మనిషి అని తేల్చారు. ఆ ఒక్క మాటలో ఆయనతో నాకు భేదాభిప్రాయం లేదు.

"ఏవండీ, ఒకసారి తొడుక్కుని చూడండి," అన్నాను.

"ఎవడివో నేనెందుకు తొడుక్కుంటాను?"

"మనిషి ఏపాటి వాడో తెలుస్తుందిగా."

ఆ మాట నచ్చింది. కూర్చుని తొడుక్కున్నారు. లేచి హాల్లో ఈ చివరినుంచి ఆ చివరికి నడిచారు. అచ్చంగా నా పాదమే, ఎడమది మాత్రం కాస్త కరుస్తోంది అన్నారు. అంటూనే ఆగిపోయారు. కిందికి చూశారు. మళ్ళీ చూశారు.

మందుల షాపాయన ఆయన కాళ్ళకేసి చూసి, ల్యాబ్ అమ్మాయికేసి చూసి, చివరికి నాకేసి జాలిగా చూశాడు. ఓనరమ్మ చెంగు సర్దుకుంది.

"కొంపదీసి మీరేనా సెక్రటరీగారూ?" అన్నాడు మందుల షాపాయన.

మా ఆయన బూట్లకేసీ నాకేసీ మార్చి మార్చి చూశారు. నేను టీ గ్లాసులు ఒక్కొక్కటే పళ్ళెంలో సర్దుతూ కాసేపు అలాగే ఉండనిచ్చాను. ఇన్నేళ్ళ కాపురంలో ఇలాంటి అవకాశం మళ్ళీ వస్తుందన్న నమ్మకం లేదు. ఆఖరి గ్లాసు తీశాక చెప్పాను. బూట్లు మావారివే, బీరువా కిందనుంచి తీసి ఇచ్చింది నేను, గుమ్మంలో పెట్టుకోమని సభలో చెప్పింది ఆయన, చప్పట్లు కొట్టింది మీరు అని.

అధ్యక్షులవారు పొట్ట పట్టుకుని నవ్వారు. మందుల షాపాయన, తనకి మొదటినుంచీ అనుమానంగానే ఉందన్నాడు. ఎవరి మీదో చెప్పలేదు. మా ఆయన చటుక్కున తేరుకుని ఫోను ఎక్కడన్నారు. జరిగిన పొరపాటు వెంటనే గ్రూపులో సవరించాలి, ఆ ఇంట్లో మగవాళ్ళెవరూ లేరు, అమ్మాయి ఒక్కతే ఉంటోంది అని స్పష్టంగా రాస్తే ఆ పిల్ల మీద మచ్చ పోతుంది అన్నారు. పాపం, మంచి మనసుతోనే అన్నారు.

"రాయకండి సార్," అంది ల్యాబ్ అమ్మాయి. గొంతు పెద్దది చెయ్యలేదు. వెనకటి ఇంట్లో ఎవరో తలుపు పిడి తిప్పిన సంగతి చెప్పింది.

"తర్వాత ఏం జరిగింది?" అంది ఓనరమ్మ.

"ఏమీ జరగలేదండి. వెళ్ళిపోయాడు. ఎవరో నాకు తెలీదు. మళ్ళీ వస్తాడో లేదో తెలీదు. మీరు రాసింది చదివేవాళ్ళలో ఉన్నాడో లేదో అదీ తెలీదు. మచ్చ సంగతి నేను చూసుకుంటాను. తలుపు సంగతి మీరు చూడండి."

ఓనరమ్మ ముందుకి వంగి, నెలాఖరు మాట మర్చిపొమ్మంది. వచ్చేటప్పుడు మా గేటు దగ్గర విడిచిన చెప్పులకేసి మాత్రం ఒకసారి చూసుకుంది. ఆవిడా ఒక్కతే ఉంటుంది.

ఇక మిగిలింది గ్రూపు. ఫలితం ఇక్కడే తెలియజేస్తామని రాసిన పాపానికి వీధంతా కాచుకుని కూర్చుంది. ఫోన్లు తెచ్చి ఇచ్చాను. ఏమీ రాయకపోతే పుకారు పెరుగుతుందన్నారు అధ్యక్షులవారు. సమస్య పరిష్కారమైందని రాస్తే సమస్యేమిటని అడుగుతారన్నాడు మందుల షాపాయన. మా ఆయన సర్వీసంతా ఒక్క అబద్ధపు కాగితం మీద సంతకం పెట్టని మనిషి. రాశారు, చెరిపారు. మళ్ళీ రాశారు. బూట్లు ఇంకా కాళ్ళకే ఉన్నాయి. చివరికి పంపించి, ఫోను నా చేతికిచ్చారు చదవమని.

ఎదురింటి మేడ విషయం విచారించాం. ఆయన మాకు బాగా తెలిసినవారే, చాలాకాలంగా ఈ వీధివారే, పెద్దమనిషి. సంఘానికి ఎలాంటి అభ్యంతరమూ లేదు. అంతే ఉంది. వెతికినా అందులో అబద్ధం దొరకదు. పెద్దమనిషి అన్న దగ్గర నేను కాస్త ఆగానంతే.

వెంటనే కేబుల్ అతను అడిగాడు, మరి ఎప్పుడూ బయట కనబడరేం సార్ అని. మా ఆయన ఆలోచించి, ఆయనకి నడక అలవాటు లేదు అని జవాబిచ్చారు. డాక్టరు కూడా ఆ మాటే అంటున్నాడు.

మా ఆయన బూట్లు విప్పి ఇచ్చారు. వాటిని సంచిలో వేసుకుని వెళ్ళబోతున్న ల్యాబ్ అమ్మాయిని ఆపి, ఒకే చోట ఉంచకమ్మా, డ్యూటీ నుంచి రాగానే రోజూ కాస్త జరుపు, మనిషున్నట్టు ఉండాలి అన్నారు. ఆ అమ్మాయి అలాగే చేస్తోంది. ఒకరోజు తలుపుకి ఇటు, ఒకరోజు అటు. మా ఆయన మధ్యాహ్నం భోజనానికి ముందు వరండాలోకి వెళ్ళి ఎదురుమేడ కేసి చూసి వస్తారు. బూట్లు జరిగి ఉంటే పిల్ల ఇల్లు చేరినట్టు. అప్పుడే కంచం ముందు కూర్చుంటారు. ఈ పద్ధతి ఎవరూ తీర్మానించలేదు, గ్రూపులో పెట్టలేదు.

మొన్న బూట్లు జరగలేదు. మా ఆయన మూడు సార్లు వరండాలోకి వెళ్ళొచ్చారు. ఫోను చేస్తే ఎత్తలేదు. అప్పుడు చొక్కా తొడుక్కుని వీధి దాటి వెళ్ళి, పై మెట్టు మీద తాళం వేసి ఉన్న తలుపుకి వీపు ఆనించి, ఎండ కళ్ళలో పడకుండా తువ్వాలు తలమీదుగా కప్పుకుని కూర్చున్నారు. ఆ రోజు ల్యాబులో మెషీను మొరాయించి అమ్మాయికి ఆలస్యమైందని తర్వాత తెలిసింది. ఆమె వచ్చేదాకా ఆయన లేవలేదు.

ఈలోగా వీధిలోకి కొత్తగా దిగిన అద్దెవాళ్ళెవరో, తువ్వాలు కప్పుకున్న ఆ మనిషిని కిందనుంచి ఫొటో తీసి గ్రూపులో పెట్టారు. మేడ మీది పెద్దమనిషి ఈయనేనా అని అడిగారు. మా ఆయన ఫోను ఇంట్లోనే వదిలి వెళ్ళారు. నా ఫోను తీసి, ఆయనే అని రాశాను. భోజనం చల్లారిపోయిందని మాత్రం రాయలేదు.