ఒరాద్యా బండిలో సవతులు

బారీ విమానాశ్రయంలో నాకు ముగ్గురు మనుషుల ముందు, అదే వరసలో, నా మాజీ మొగుడి రెండో పెళ్ళాం నిలబడి ఉంది. పేరు జంఫీరా. నాకంటే పదకొండేళ్ళు చిన్నది. ఏడేళ్ళ క్రితం మా ఊరి పెళ్ళిలో నా మొగుడు త్రయాన్‌తో నాలుగు పాటలకి డాన్సు చేసి, ఐదో పాటకి వాణ్ణి తీసుకుపోయింది. తర్వాత నేనూ జంఫీరా ఎవరిదారిన వాళ్ళం ఇటలీ వచ్చి, ఈ బారీలోనే చెరొక ముసలమ్మ దగ్గర పనికి కుదిరాం. బజారులో ఎదురుపడితే నేను వంకాయల్ని చూసేదాన్ని, ఆమె ఆకాశాన్ని చూసేది.

క్రిస్మస్ ముందు మా దేశానికి నేరుగా పోయే విమానాల్లో సీట్లు దొరకవు. ఆగస్టులోనే కొనుక్కున్నవాళ్ళకి దొరుకుతాయి. ఆగస్టులో క్రిస్మస్ గురించి ఆలోచించే మనుషులతో నాకు స్నేహం లేదు. మిగతావాళ్ళమంతా బుడాపెస్టులో దిగి, స్టేషనుకి పరిగెత్తి, సరిహద్దు దాటే పది నలభై బండి పట్టుకుంటాం. మధ్యలో మూడు గంటలుంటుంది. పొగమంచు లేని రోజున అది చాలా ఎక్కువ.

ఇంకో సంగతి కూడా చెప్పెయ్యాలి. సరిహద్దు దాటగానే వచ్చే ఒరాద్యా స్టేషనుకి నాకోసం కారు తెస్తానన్నది త్రయానే. మూడు వారాల కిందట ఫోన్ చేశాడు. జంఫీరాతో గొడవైందట, ఆమె పండక్కి రానందట, ఇల్లు బోసిగా ఉందట. "నీ చేతి సర్మాలె తిని ఏడేళ్ళయింది, డొమ్నికా," అన్నాడు. క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి ఉడకబెట్టే మనిషి నేనొక్కదాన్నే ఉన్నట్టు. ఛీ పొమ్మని ఫోన్ పెట్టేశాను. మర్నాడు టికెట్టు కొన్నాను, జుట్టుకి రంగేయించుకున్నాను. ఎందుకని అడక్కండి. యాభై రెండేళ్ళ వయసులో మీ చేతి వంట ఎవరైనా గుర్తు చేసుకుంటే అప్పుడు మాట్లాడదాం.

తీరా చూస్తే ఆ రానన్న మనిషి నా ముందు వరసలో ఉంది.

బుడాపెస్టు మీద పొగమంచు కమ్మింది. విమానం గంటకు పైగా గాల్లో చక్కర్లు కొట్టింది. నా పక్కనున్న పెద్దమనిషి దేవుణ్ణి ప్రార్థిస్తూ, మధ్యమధ్యలో విమానం కంపెనీని బూతులు తిట్టాడు. దేవుడికి ఏది ముందు వినపడిందో గానీ తొమ్మిదీ పదికి దిగాం.

సామాను వచ్చే బెల్టు దగ్గర ఎర్రదారం కట్టిన నల్ల పెట్టె రాగానే చెయ్యి వేశాను. ఇంకో చెయ్యి కూడా పడింది.

"అది నాది," అంది జంఫీరా. ఏడేళ్ళలో నాతో ఆమె మొదటి మాట.

"దారం చూడు. నేను కట్టుకున్నదే."

"నేనూ కట్టాను. దిష్టి తగలకుండా కట్టమని మా అత్తగారు చెప్పింది."

"ఆవిడ నీకంటే ముందు నాకు అత్తగారు, తల్లీ."

పెట్టె అక్కడే నేల మీద పడేసి తెరిచాం. పైనే కొత్త మగ బూట్లు, గోధుమ రంగువి.

"ఎవరికి?"

"మా ఆయనకి. చెప్పకుండా వెళ్తున్నా."

"సైజెంత?"

"నలభై మూడు."

"వాడి ఎడమకాలికి ఆనెకాయ ఉంది. నలభై నాలుగైతే గాని పట్టదు. రెండ్రోజులు కుంటుతాడు, మూడోరోజు నిన్ను తిడతాడు. అయినా నువ్వు పండక్కి రావట్లేదు కదా?"

"ఎవరు చెప్పారు?"

"బజారులో అనుకుంటుంటే విన్నా," అన్నాను. నా ముఖం మీద రంగు మారే ఉంటుంది. అదృష్టం బాగుండి నా పెట్టె వచ్చింది.

బస్సు వరస చూస్తే కొత్త సంవత్సరానికి గాని ఎక్కేలా లేము. ఒకే ఒక్క టాక్సీ ఆగింది. ఇద్దరం రెండు పక్కలనుంచి తలుపులు తీసి కూర్చున్నాం, దిగమని ఎవరూ అనలేదు. స్టేషను చేరేసరికి పదీ ముప్పై మూడు. జంఫీరా ముందు పరిగెత్తింది. నా పెట్టె చక్రం ఊడితే వెనక్కొచ్చి, తిట్టుకుంటూ రెండో పక్క పట్టుకుంది.

మూడువందల అరవై రెండో బోగీ కోసం ఈ చివరనుంచి ఆ చివరకి వెతికాం.

"ఆ బోగీ లేదమ్మా," అన్నాడు కండక్టరు.

"టికెట్టు మీద ఉందయ్యా."

"టికెట్టు మీద ఉంది. రైలుకి లేదు."

దొరికిన బోగీలోకి ఎక్కి, మరుగుదొడ్డి తలుపు దగ్గర సామాను మీద కూర్చున్నాం. జంఫీరా రొట్టె, జున్ను తీసింది. సగం విరిచి, నా ముఖం చూడకుండా ఇచ్చింది. నేను తింటున్నాను. అప్పుడే మా మధ్య పెట్టుకున్న నా ఫోన్ మోగింది. తెర మీద 'గాడిద' అని పడింది, కింద నంబరు.

జంఫీరా వంగి చూసింది. "ఆ నంబరు నాకు నిద్రలో కూడా వచ్చు," అంది. తనే నొక్కి స్పీకరు పెట్టింది.

"డొమ్నికా, బండి ఎక్కావా?" అన్నాడు త్రయాన్. "ఇల్లంతా ఊడ్చా. గడ్డం గీసుకున్నా. క్యాబేజీ కూడా పులియబెట్టి ఉంచా."

జంఫీరా ఫోన్ ఆపేసింది. మిగిలిన జున్ను గుడ్డలో చుట్టి ముడేసింది.

"ఆ క్యాబేజీ సెప్టెంబరులో వెళ్ళినప్పుడు నేను పెట్టి వచ్చిందే," అంది. "జాడీ మూతమీద రాయి కూడా నేనే మోశా."

"నేను వెళ్తున్నమాట నిజమే," అన్నాను. "పిలిచాడు, వెళ్తున్నా. నీకు చెప్పే ధైర్యం లేకపోయింది. కొట్టాలనుంటే కొట్టు."

"చెయ్యి ఊపడానికి జాగా ఏదీ ఇక్కడ?" అంది. నవ్వొచ్చింది ఆమెకి, తర్వాత కళ్ళు తుడుచుకుంది. "ఆ పెళ్ళిరోజు నువ్వు వంటింట్లో గిన్నెలు కడుగుతున్నావు. నాకు కనిపిస్తూనే ఉన్నావు, అక్కా. అయినా డాన్సు చేశా."

అక్కా అన్న మాటకి నా చేతిలో మిగిలిన రొట్టె విరిచి సగం ఆమెకిచ్చాను.

సరిహద్దులో మా దేశపు పోలీసు ఎక్కి పాస్‌పోర్టులు చూశాడు. "ఇద్దరి ఇంటిపేరూ బ్రుమార్. అక్కాచెల్లెళ్ళా?"

"కాదు సార్," అంది జంఫీరా. "ఒకే గాడిద."

అతను మా ఇద్దరినీ ఒకసారి చూసి, ఇంకేమీ అడక్కుండా పాస్‌పోర్టులు తిరిగిచ్చేశాడు.

ఒరాద్యా ప్లాట్‌ఫారం మీద త్రయాన్ క్షవరం చేయించుకుని, మూడు పువ్వులు పట్టుకుని నిలబడ్డాడు. నన్ను చూసి నవ్వాడు. నా వెనక జంఫీరా దిగింది. నవ్వు తీసెయ్యడం మర్చిపోయాడు పాపం, అది అలాగే ముఖానికి వేలాడింది.

"అమ్మ పంపిస్తే వచ్చా..." అని మొదలుపెట్టాడు.

"పెట్టెలు ఎత్తు," అంది జంఫీరా.

కార్లో ఇద్దరం వెనక సీట్లో కూర్చున్నాం. ఏ ఇంటికి పోవాలో తెలియక త్రయాన్ తాళంచెవి తిప్పి ఊరుకున్నాడు.

"మీ అమ్మ దగ్గరికి పోనీ," అన్నాను.

మా అత్తగారికి ఎనభై ఒకటి. గుమ్మంలో మమ్మల్ని చూసి ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ఇంకో కత్తి తెచ్చి ఉల్లిపాయలు మా ముందు పోసింది. కొడుకుని మాత్రం కట్టెలు కొట్టమని పెరట్లోకి పంపింది. ఎన్ని కొట్టాలో చెప్పలేదు. సర్మాలె ఆవిడ చెప్పినట్టే చుట్టాం, నా పద్ధతిలోనూ కాదు, జంఫీరా పద్ధతిలోనూ కాదు.

జంఫీరా వాణ్ణి ఇంకా వదల్లేదు. ఆలోచిస్తోంది. ఆదివారాలు బారీలో, సముద్రం ఒడ్డున కాఫీ దుకాణంలో నా ఎదురుగా కూర్చుని ఆలోచిస్తోంది.