దిండు గలీబు మీద చుక్క

లోకమంతా వేడి గ్లాసును కొసవేళ్లతో పట్టుకుని ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటుంటే, ఉడుం మేస్త్రి మాత్రం గుప్పిట నిండా పట్టుకుని టీ తాగుతున్నాడు. స్టీలు గ్లాసు. పొయ్యి మీంచి దిగిన టీ. ‘నిప్పు కూడా నా చేతిని చూసి పక్కకు తప్పుకుంటుంది’ అని ఏడాదిగా అందరికీ చెప్పుకుంటున్నాడు. తాగి, గ్లాసు బల్ల మీద బోర్లించి, స్టాండుకు వేలాడుతున్న పడవ ఇంజనును మసిగుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు.

పట్టిన పట్టు వదలడు గనక ఉడుం. ఆయన బిగించిన ప్లగ్గును విప్పడానికి ఒకసారి ముగ్గురు మొనగాళ్లు తగులుకుంటే, ప్లగ్గు కదల్లేదు సరికదా, ఇంజనే గిర్రున తిరిగి ముగ్గుర్నీ నీళ్లలోకి విసిరిందట. నేను చూడలేదు. చూసినవాడు చెబుతుంటే విన్నవాణ్ని చూశాను.

పొట్టిమనిషి. మెడ భుజాల్లోకి దిగిపోయి ఉంటుంది. గోళ్ల కింద నలుపు ఏ సబ్బుకూ లొంగదు. ఇంటి వెనక రేకుల వసారాలో, పెట్రోలు వాసనలో, రోజూ ఒకేలా తెల్లారుతుంది ఆయనకు.

ఆ రోజు ఇంజను బావమరిదిది. వలలు వేసుకుని బతికేవాడు. పొద్దున్నే భుజాన మోసుకొచ్చి స్టాండుకు తగిలించాడు.

“బావా, నీ దయవల్ల పాడి మొదలైంది. గేర్‌కేసులో నూనె పోస్తే పాలు కారుతున్నాయి. గేదె కంటే నయంలే, మేత అడగదు.”

నీళ్లలో తిరిగే పంకా పక్కనుండే గేర్‌కేసులోకి నీళ్లు దూరితే నూనె విరిగి తెల్లబడుతుంది. నీళ్లు దూరిన దారి, అడుగున నూనె వదిలే డ్రెయిన్ ప్లగ్గు.

“వాషరు నాసిరకంరా” అన్నాడు మేస్త్రి.

“పోయినసారీ వాషరే, అంతకుముందూ వాషరే. పాపం, దానికి నోరు లేదు గనక సరిపోయింది.”

మేస్త్రి వెడల్పు మొన స్క్రూడ్రైవరు ఆనించాడు. తిప్పీ తిప్పకముందే ప్లగ్గు ఊడి వచ్చేసింది. దాని చుట్టూ గేర్‌కేసు రంధ్రం లోపలి మరచుట్లు వెండి పోగుల్లా చుట్టుకుని ఉన్నాయి. ఉక్కు ప్లగ్గును మెత్తని అల్యూమినియంలో అతిగా బిగిస్తే జరిగేది అదే. ఇద్దరూ చూశారు. ఇద్దరూ వాషరు మాట ఎత్తలేదు.

“ఇది పాత మోడలు బావా, వేరే గేర్‌కేసు దొరకదు. రేపు తెల్లారగట్ల నీళ్ల మీదకు పోకపోతే ఈ చేపల అదను నాకు పోయినట్టే. నడుమ ఆగిపోతే నాకు ఈత రాదని నీకు తెలుసుగా.”

“ఇన్నేళ్లు నీళ్ల మీద బతికి, ఈత రాదని చెప్పడానికి సిగ్గు లేదురా?”

“ఈత నేర్చుకుంటే ఇంజను మీద నమ్మకం పోతుంది బావా.” నవ్వుతూ వలలు బాగుచేసుకోవడానికి వెళ్లిపోయాడు.

మేస్త్రి నవ్వలేదు. ప్లగ్గు వాషరు మీద కూర్చోగానే వేలికొసకు ఒక కబురు వస్తుంది. ఆ తర్వాత ఇంకో చిటికెడు తిప్పి ఆపాలి. ఆయన విద్యంతా ఆ చిటికెడులోనే ఉంది. ఏడాదిగా ఆ కబురు రావడం మానేసింది. కారుతుందేమోనన్న భయంతో ఇంకొంచెం, ఇంకొంచెం బిగిస్తూ వచ్చాడు. తప్పు వాషరు మీదకు నెడుతూ వచ్చాడు.

చెడిన రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి, కొత్త మరలు కోసి, అందులో ఉక్కు తీగచుట్ట కూర్చోబెట్టాలి. వంకరపోతే ఇక ఆ గేర్‌కేసు పాతసామానే. మరలు కోసే ట్యాపు గాడుల్లో గ్రీజు నింపాడు, రజను లోపలికి రాలకుండా. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కు. భుజాల బలంతో, కళ్ల కొలతతో అంతవరకు నడిచింది.

తీగచుట్ట దగ్గర చిక్కొచ్చింది. రెండు వేళ్ల మధ్య పట్టుకున్నాననుకుని వంగాడు. అది ఎప్పుడో జారి మట్టిలో పడింది. వేళ్లకు తెలియలేదు.

గ్లాసు కోసం వచ్చిన భార్య వంగి తీసింది. కొంగుతో తుడిచి, తనే పనిముట్టు కొసకు ఎక్కించింది.

“చొక్కా గుండీల కంటే తేలికే” అంది.

ఏడాదిగా ఆయన గుండీలు ఆమే పెడుతోంది, ‘మీకు ఆలస్యమైపోతోంది’ అంటూ.

“నీకెప్పుడు తెలిసింది?”

“నిరుడు వేడి గ్లాసు కాలి మీ అరచేతికి బొబ్బెక్కింది. మీరు చూసుకోలేదు.”

ఆయన ఇంజను వైపు తిరిగాడు. తీగచుట్ట నిటారుగా దిగింది. దాని కొసన మిగిలిన తోకను విరిచి, లోపల పడకుండా సన్న పట్టకారుతో లాగేశాడు. కింది రంధ్రంలోంచే నూనె పైకి ఎక్కించాడు, పై రంధ్రంలో గాలి పోయి నూనె తొంగిచూసే దాకా. ముందు పైది మూసి, కిందిదానికి కొత్త వాషరుతో కొత్త ప్లగ్గు ఎక్కించి, స్క్రూడ్రైవరు భార్య చేతిలో పెట్టాడు.

“నాకేం తెలుసండీ!”

“డబ్బా మూత బిగించవూ? కూర్చుంది అనిపించాక ఇంకో చిటికెడు.”

“చిటికెడంటే?”

“ఉప్పు సరిపోయిందో లేదోనని అనుమానమొస్తే వేస్తావు చూడు, అంత.”

ఆమె తిప్పింది. ఆగింది. ఇంకాస్త తిప్పి చెయ్యి తీసేసింది. ఆయన కుడిచెయ్యి తనంతట తనే ముందుకు వచ్చింది, ఇంకొక్క పట్టు పట్టడానికి. దాన్ని ఎడంచేత్తో పట్టుకుని ఆపుకున్నాడు.

కారుతుందో లేదో చూడాలంటే కింద తెల్లగుడ్డ పరవాలి. లోపలికి వెళ్లి ఇస్త్రీ మడతల మీదున్న దిండు గలీబు తెచ్చాడు.

“అయ్యో, ఉన్నవాటిలో మంచిది అదొక్కటే!”

“చుక్క పడితే ఉతుకుదువుగాని. పడకపోతే తలకింద పెట్టుకుందాం. పడితే కేకేస్తాలే, నువ్వు వెళ్లు.”

ముక్కాలిపీట గోడకు జరుపుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నపు ఎండ రేకుల సందుల్లోంచి గలీబు మీదకు వచ్చి, మెల్లగా దాటిపోయింది. లోపల ఆమె గిన్నెలు కడుగుతూ చెవి ఇటే వేసి ఉంచింది. కేక వినపడలేదు. వినపడని కొద్దీ ఆమెకు ధైర్యం పెరిగింది. తన చెయ్యి కూడా పనికొచ్చిందని చిన్న గర్వం కూడా.

పొద్దు వాలుతుండగా టీ పట్టుకొచ్చింది. ఆయన తల గోడకు ఆనించి ఇంజను వైపే చూస్తున్నాడు.

“పిలవలేదంటే గెలిచినట్టేగా?” అంటూ గ్లాసు ఆయన చేతికి అందించింది.

వేళ్లు ముడుచుకోలేదు. గ్లాసు జారి ఒడిలో పడినా ఆయన చూపు ఇంజను మీంచి కదల్లేదు.

ఆమె కేకకు వీధివాళ్లు వచ్చారు. బావమరిది వలదారం చేతిలో పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు. ఆ తెల్లవారుజామున వాడు నీళ్ల మీదకు పోలేదు. మర్నాడూ పోలేదు. దినకర్మలయ్యాక ఒకనాటి పొద్దున వసారాలోకి వచ్చి, ఇంజను ముందు గొంతుక్కూర్చుని, ప్లగ్గు కింద వేలు రాసి చూసుకున్నాడు.

“పొడిగా ఉందే అక్కా” అన్నాడు. ఇంజను భుజానికి ఎత్తుకుని వెళ్లిపోయాడు.

ఖాళీ స్టాండు కింద దిండు గలీబు, ఇస్త్రీ మడత చెదరకుండా, పరిచింది పరిచినట్టే తెల్లగా ఉంది.