గువ్వలు వంగిన దారి

సెప్టెంబరు మొదటి తేదీ. గువ్వల వేట కాలం మొదలయ్యే రోజు. రియో గ్రాండే నది ఒడ్డున, జొన్న కోసేసిన చేను గట్టు మీద ఎవరిస్తో కాంతూ మెడ నొప్పెట్టేలా ఆకాశం చూస్తున్నాడు. ఏటా తెల్లరెక్క గువ్వలు నది పక్క అడవిలోంచి లేచి సరిగ్గా అతని నెత్తి మీదుగా మేతకి పోతాయి. ఈసారి అల్లంత దూరానే వంపు తిరిగి, అవతలి మూలనున్న నియేవెస్ వైపు పోతున్నాయి. చేను నియేవెస్‌దే. ఎవరిస్తో కూతురికి బాప్తిస్మమప్పుడు జ్ఞానతండ్రిగా నిలబడ్డదీ అతనే; ఆ వరసతోనే ఇద్దరూ ఒకరినొకరు కొంపాద్రే అని పిలుచుకుంటారు.

'గింజలు చల్లాడు దొంగ!' అనుకున్నాడు ఎవరిస్తో.

గింజలు చల్లి గువ్వల్ని రప్పించడం నేరం. వేటగాళ్ళని తనిఖీ చేసే వార్డెన్ వస్తే చల్లినవాడితోపాటు పక్కన నిలబడ్డవాడి తుపాకీ కూడా పట్టుకుపోతాడు. ఎవరిస్తో చేతిలో ఉన్నది చచ్చిపోయిన తండ్రి తుపాకీ.

అంతలో ఒంటరి గువ్వ ఒకటి దూసుకొచ్చింది. తుపాకీ గొట్టాన్ని దాని వెనకనుంచి తిప్పుకొచ్చి, దాటించి, చెయ్యి ఆపకుండానే మీట నొక్కాడు. ఆగితే గుండ్లు తోక వెనకే పోతాయని తండ్రి నేర్పిన పాఠం. గువ్వ రాలింది. దాన్ని సంచిలో వేసుకుని, ఆ మూలకి నడిచాడు.

"ఏం కొంపాద్రే, ఇక్కడేమన్నా పెళ్ళి భోజనాలా? గువ్వలన్నీ బంతికి కూర్చుంటున్నాయి."

"చూపు నా మీద పెడితే నీకు గువ్వలెక్కడ కనబడతాయి, కొంపాద్రే?" అని నవ్వాడు నియేవెస్.

ఎవరిస్తో నవ్వలేదు. నియేవెస్ కొట్టిన గువ్వల కుప్పలోంచి ఒకటి తీసి, ఏం తిందో చూడ్డానికి దాని గొంతు కింది మేత సంచి చీల్చాడు.

"నా నోటి మాట అడక్కుండా కడుపు కోస్తావా?"

లోపల జొన్నలు, చేలో రాలినవే. ఇంకోటి కోశాడు. అందులోనూ అవే.

"మొన్నటి గాలివానకి నువ్వు నిలబడే వైపు పొడుగు చెట్టు కూలింది. ఇన్నాళ్ళూ గువ్వలు దాన్ని గురుతు పెట్టుకునే నీ మీదుగా పోయేవి. అడిగితే చెప్పేవాణ్ణి కదయ్యా."

"తప్పయిపోయింది."

"ఉండుండు. నీ గువ్వనీ ఇటియ్యి."

నియేవెస్ గోరు పెట్టి చీల్చాడు. అరచేతిలోకి గోధుమలు రాలాయి. ఆ చుట్టుపక్కల గోధుమ పండించేవాడు లేడు.

ఎవరిస్తో గింజల మీదికి వంగి చూశాడు. "ఎవరి కోళ్ళ దాణాలోనో తినుంటుంది కొంపాద్రే. నిజం."

"అయుండొచ్చు." నియేవెస్ గింజల్ని కింద పారేసి చెయ్యి తుడుచుకున్నాడు. "ఇదే గువ్వ నా కుప్పలో దొరికితే నేనూ అదే చెప్పేవాణ్ణి. నువ్వు నమ్మేవాడివా?"

ఎవరిస్తో తుపాకీలోంచి తూటాలు తీసేశాడు. ట్రక్కు దాకా పోయి దాన్ని పెట్టెలో భద్రంగా పడుకోబెట్టి, పక్క తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"ఎక్కు, ఇంటి దగ్గర దింపుతా."

"నడిచే పోతాలే," అన్నాడు నియేవెస్. ఈసారి కొంపాద్రే అనలేదు.