టమేటా మండీలో బాతుల వేలం

మా మామ పెద్ద ఈరన్నకు టమేటా మీదున్న నమ్మకం దేవుడి మీద కూడా లేదు. ఎన్నిసార్లు మునిగినా చేనంతా టమేటానే. నేను పోట్లాడి, బతిమాలి, చేను మూలనున్న కుంట దగ్గర మాంసం బాతులు పెంచాను. నూకలు, తవుడు పెట్టి, రొమ్మున కండ పట్టేదాకా కంటికి రెప్పలా చూసుకున్నాను. ఊరంతా నవ్వింది. మామ నవ్వడం కూడా దండగనుకున్నాడు.

"ఈ బాతులు అమ్ముడుపోతే కుంట నీది. పోకుంటే మాత్రం పూడ్చేసి టమేటా నాటేస్తా," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. అమ్మకపోతే నా పేరు హులిగెమ్మే కాదన్నాను.

పత్తికొండలో హోటలు నడిపే దేవేంద్రప్ప బాతులన్నీ తనే కొంటానని మాటిచ్చాడు. బాతుల్ని హోటలుకు చేర్చాల్సిన రోజు మామ పొద్దున్నే టమేటా గంపలతో మండీకి పోయాడు. తర్వాత నా మొగుడు హనుమేష్ బాతుల్ని ఆటోకెక్కించి పైన వల కట్టాడు. తీరా హోటలుకు పోతే దేవేంద్రప్ప పుల్లతో పళ్లు కుట్టుకుంటూ, "ఈడోళ్లు బాతు తినరమ్మా. నాకొద్దు," అన్నాడు. ఆ పుల్ల లాక్కుని ఆయన్నే పొడవాలనిపించింది. నా కుంట పోయినట్టే. ఆటోలో కూర్చుని ఏడ్చాను.

తిరుగుదారి టమేటా మండీ ముందు నుంచే. ఆ రోజు కొనేవాళ్లు లేక రైతులు గంపలకు గంపలు రోడ్డు మీద కుమ్మరించారు. ఆ గుజ్జులో ఆటో జారి అడ్డం తిరిగింది. వల తెగింది. బాతులన్నీ గోలగోలగా దూకి టమేటా గుట్టల మీద పడ్డాయి.

"పట్టుకోండప్పా!" అని అరిచాను.

అప్పటిదాకా మొహాలు వేలాడేసుకున్న మనుషులు పంచెలు ఎగగట్టి ఉరికారు. ఒకాయన దూకి బోర్లా పడితే ఆయన వీపు మీదుగా బాతు తీరిగ్గా నడిచిపోయింది. హనుమేష్ గుజ్జులో తడిమి తడిమి ఒక కాలు పట్టుకుంటే అది ఎవరో ముసలాయనది. ఏడుస్తున్నదాన్ని ఏడుస్తూనే పడీపడీ నవ్వాను.

మండీలో వేలం వేసే చంద్ర పొద్దున్నుంచీ నోరు మూసుకుని కూర్చోలేక కూర్చున్నాడు. చేతికొక బాతు దొరికిందో లేదో అరుగెక్కేశాడు.

"ఏమప్పా, బాతు! కండ సూడండి, శానా బరువుండాది! ఎవురప్పా పాడేది?"

"నాకు!" అన్నాడొక లారీ డ్రైవరు. "నాకప్పా!" అన్నాడొక దళారి. అంతే, జనం ఎగబడ్డారు. గోల విని వచ్చిన దేవేంద్రప్ప కూడా, అందరూ కొంటుంటే ఆగలేక చెయ్యెత్తాడు.

"ఈడోళ్లు బాతు తినరు గదప్పా?" అన్నాను. వినపడనట్టు అటు తిరిగాడు.

చివరి బాతు దగ్గర పంతం ముదిరింది. దేవేంద్రప్ప ఎంతంటే అంతకు పైన పాడుతోంది వెనకనుంచి ఒక గొంతు. చంద్ర మూడోసారి అని ఆ గొంతుకే బాతునిచ్చాడు. జనం పక్కకు జరిగాక చూద్దును గదా, మా మామ! కుమ్మరించిన తన టమేటాల పక్కనే బాతును చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

"అది మన బాతే గదా మామా!"

"పాటలో దిగినంక ఇడుస్తారా యాడన్నా?" అని కసిరాడు.

"అట్లయితే దుడ్లియ్యి," అని చెయ్యి చాపాను.

ఈలోగా బాతు మెడ చాచి మామ చేతిలోని టమేటాను లాక్కుని మింగేసింది. ఆ రోజంతా ఆయన పంట కావాలన్నది అదొక్కటే. మామ ఇంకొకటి ఏరి దాని నోటికందించాడు. నేను మాత్రం ఊరుకోలేదు.

"రాత్రికి కోద్దామా మామా?"

"నోరు ముయ్! ఇంటికి తీస్కపోతాండా."

"తీస్కపోయి యాడ ఇడుస్తావు?"

"కుంటలో," అని గొణిగాడు.

"యినపడలే మామా!"

మండీ అంతా గొల్లుమంది. మామ మొహం టమేటా కన్నా ఎర్రబడింది.

"నీ కుంటలోనే! యినపడెనా ఇప్పుడు? నీ కుంటలోనే!"