కొంగున్న రోడ్డు

సూరత్‌ల మన నేతోళ్లుండే గోడాదరాల, రాజలింగం ఇంట్ల పొద్దుగాల చాయ్ తాగుడంటే కొట్లాట లెక్కనే ఉంటది. నలభై ఏండ్లు పవర్‌లూమ్‌ల చప్పుట్ల నిలవడి ఆయన చెవులు పోయినయి. "చక్కెర సరిపోయిందా?" అని పెండ్లాం ఐలమ్మ ఒర్లితే ఆయన కన్నా ముందు గల్లీ అంతా "సరిపోయింది!" అని జవాబిస్తది. చెవులు వినవడ్తలేవని రెండేండ్ల కింద సేటు ఆయనను పనిలకెల్లి తీసేసిండు. అప్పటిసంది ఆ మనిషి తన పాత చేతిమగ్గం పక్కన కూసునుడే. నేత లేదు, మాట లేదు. మగ్గం మీది దుమ్ము మాత్రం రోజూ దులుపుతడు.

ఉన్నది ఒక్క అర్ర, అండ్ల సగం మగ్గమే. కొడుకు నరహరికి దాని మీద కోపమేం లేదు పాపం, పిల్లలు కాళ్లు చాపుకోను జాగ లేదు, అంతే. "సద్దుల బతుకమ్మ తెల్లారి పాతసామాన్లాయన వస్తడమ్మా, మగ్గం ఇచ్చేద్దాం" అన్నడు. రాజలింగం కొడుకు పెదవులు కదిలిన తీరు చూసిండు. లూమ్‌ల పనిచేసినోళ్లకు పెదవులు చదువుడు వస్తది. నూలు చుట్టిన నాడె మీద చెయ్యి పెట్టి అట్లనే కూసున్నడు. అది చూడలేక ఐలమ్మ పొయ్యి కాడికి పోయింది.

ఆమెకు ఇంకో గోస సుత ఉన్నది. నిరుడు ఆడోళ్లు గల్లీల బతుకమ్మ ఆడంగ ఒక టెంపో నడుమలకెల్లి దూరింది. ఐలమ్మ గుమ్మమెత్తు పేర్చిన బతుకమ్మ చక్రం కింద పడి నలిగింది. జగిత్యాల బస్సుల తెప్పించిన గునుగుపూలు! "ఈసారి రోడ్డు బంద్ చేపియ్యకుంటే నా పేరు ఐలమ్మనే కాదు" అని గుజరాతీ వచ్చిన పక్కింటి భాగ్యలక్ష్మిని ఎంటవెట్టుకొని కార్పొరేషన్ జోన్ ఆఫీసుకు పోయింది.

"గర్బానా?" అన్నడు క్లర్కు సాబ్, కాయితం మొకం చూడకుంటనే.

"గర్బా కాదు సార్, బతుకమ్మ" అన్నది ఐలమ్మ. భాగ్యలక్ష్మి దాన్ని గుజరాతీల చెప్పింది.

"తేడా ఏంది బేన్?"

"మీరు అమ్మవారి సుట్టు తిరుగుతరు, మేం పూల సుట్టు తిరుగుతం. సప్పట్లు ఒక్కటే."

సాబ్ నవ్విండు గని అర్జీల ఒక గడి మీద వేలు పెట్టిండు. "వైకల్పిక్ రస్తా. మీ రోడ్డు మూస్తే బండ్లు ఏ దారిన పోవాలె? ఇంకో దారి చూపియ్యుండ్రి, సంతకం నేనే పెట్టిస్త."

ఇంకో దారి ఏడున్నది? గల్లీ ఎనుక ఉన్నది వానలకు బురదైన ఖాళీ జాగ, అండ్ల పొర్లే బర్రెలు. ఐలమ్మ ఇంటికొచ్చి మగ్గం ముంగట కూలవడి ఏడ్చుకుంట అంతా చెప్పింది. రాజలింగం ఆమె పెదవులను సాంతం చదివిండు.

"ఎంత పొడుగు?" అన్నడు.

ఐలమ్మ కండ్లు తుడుసుకున్నది. "పదహారు చీరల పొడుగుంటదేమో."

"పన్నా? ఎడల్పు ఎంత?"

"లారీ పట్టాలె."

గంతే. తెల్లారెసరికి మగ్గం ఆడవట్టింది. గల్లీ మొగోళ్లు పనిమీది నుంచి వచ్చుకుంట సంచులల్ల తెగిపోయిన నల్ల నూలు, బూడిదరంగు నూలు తెచ్చి ఇచ్చిన్రు. రోడ్డు నడిమి గీతకు తెల్లనూలు ఎదురింటి సోమలింగం తెచ్చిండు. మూడు పన్నాలు నేసి దించితే ఆడోళ్లు కూసోని జోడించి కుట్టిన్రు. వాళ్లకేం కొత్త, రోజూ చీరలకు లేసులు కుట్టే చేతులే. చీకట్ల బండ్లకు కానరావాలెనని రెండు దిక్కుల మెరుపు టిక్కీలు సుత అతికిచ్చిన్రు. ఆఖరికి పెద్ద గంజుల గంజి కాచి, బురద జాగల రోడ్డును పరిచి గంజి పెట్టిన్రు. ఎండకు ఆరి పెళపెళలాడింది. బర్రెలు ఒడ్డుకు జరిగినయి.

క్లర్కు సాబ్ స్కూటర్ మీద వచ్చి ఆ కొస నుంచి ఈ కొస దాంక నడిపి చూసిండు. దిగి, వంగి, రెండేళ్ల నడుమ పట్టి నేత నలిపి చూసిండు. సూరత్ మనిషి కదా, చేతికి తగిలినదాన్ని నలపకుంట ఉండడు. అంతా బాగనే ఉన్నది గని కొసన ఎర్రటి కొంగు, దాని మీద పచ్చటి తంగేడుపూలు చూసి ఆగిండు.

"కాకా, రోడ్డుకు కొంగెందుకు?"

రాజలింగం ఆయన పెదవులు చూసిండు. "కొంగు లేకుంట దించితే నేత పూర్తి గాదు సాబ్."

సాబ్ ఇంత ఆలోచించి ఫైల్ల "ఐదు మీటర్లు ఎక్కువ" అని రాసి సంతకానికి పంపిండు.

సద్దులనాడు గల్లీకి ఈ కొసన తాడు, ఆ కొసన తాడు. అబ్బ, ఏం ఆట! మూడు వరుసల ఆడోళ్లు, నడుమ ఇరవై బతుకమ్మలు, ఒక్క హారన్ లేదు. బండ్లన్ని ఎనుక నేసిన రోడ్డు మీద పోతున్నయి. నిరుటి టెంపో ఆయన కొంగు కాడికి వచ్చినంక బండి ఆపి, చక్రాల బురద తుడిసి మరీ ముంగటికి పోయిండు. రాజలింగానికి పాట వినవడదు. చెప్పులిడిసి గల్లీ నడుమ నిలవడితే సప్పట్ల దెబ్బ అరికాళ్లకు తెలిసింది. ముసలాయన కండ్లల్ల నీళ్లు, మొకం నిండ నవ్వు.

తెల్లారి ఆడోళ్లు రోడ్డును ఉతికి, ఆరేసి, మడతలు పెట్టి మగ్గం పక్కన పెట్టిన్రు. పాతసామాన్లాయన చెప్పినట్టే బండి తోలుకొని వచ్చిండు. రాజలింగం నాడె మీద చెయ్యి పెట్టి కూసున్నడు, లేవలేదు. నరహరి తండ్రి దిక్కు చూడలేక నేల చూసుకుంట నిలవడ్డడు.

అప్పుడే స్కూటర్ ఆగింది. క్లర్కు సాబ్ చంకల ఒక ఫైళ్ల కట్ట.

"కాకా, పెండ్లోళ్లు, గణపతోళ్లు, ఊరేగింపోళ్లు, అందరి అర్జీలు వైకల్పిక్ రస్తా కాడనే ఆగినయి. పెద్దసాబ్ నిన్నే అడుగుతున్నడు. నేసిస్తవా?"

రాజలింగానికి తాను చదివింది తనకే నమ్మబుద్ధి కాలేదు. "ఇంకోపారి చెప్పుండ్రి" అన్నడు. సాబ్ నిమ్మలంగ ఇంకోపారి చెప్పిండు.

నరహరి తలెత్తి అర్రలకు చూసిండు. పిల్లలిద్దరు మడతవెట్టిన రోడ్డు మీద కాళ్లు బారచాపి, మెత్తగ నిద్రవోతున్నరు. పాతసామాన్లాయన చెయ్యి పట్టుకున్నడు. "మగ్గం కాదే అన్నా, మంచం తీస్కపో."

ఐలమ్మ కొంగు నోట్ల కుక్కుకొని నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెల్వాలె. రాజలింగం మగ్గం మీదికి జరిగి, పడుగు పోగులు సవరిచ్చి, గల్లీ అదిరేటట్టు అడిగిండు.

"అంచు ఏ రంగు వెయ్యాలె?"

సాబ్ నోరు తెరిచేలోపే గల్లీ అంతా జవాబిచ్చింది, ఇంటికో రంగు.